లినక్స్ డెస్క్‌టాప్ భాగాల దోషాన్వేషణ: ఐడీఈ వినియోగం, తెలుగు లిపి ప్రదర్శన

వ్యాససంగ్రహం

లినక్స్ కంప్యూటర్ తెరపై ఒక తెలుగు పదం కనిపించాలంటే పలు సాఫ్ట్‌వేర్ భాగాలు ఒకదానికొకటి అందించుకుంటూ పనిచేయాలి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా వత్తు విడిపోవచ్చు, అక్షరం స్థానంలో డబ్బా కనిపించవచ్చు, కొన్నిసార్లు తెర మొత్తం స్తంభించవచ్చు. అటువంటి లోపం ఎక్కడ పుట్టిందో తెలుసుకొనే ప్రక్రియను డీబగ్గింగ్ అంటారు. ఐడీఈ, అంటే సమగ్ర అభివృద్ధి పరిసరం, ఈ పనికి ముఖ్యమైన ఉపకరణం. అయితే మామూలు ప్రోగ్రామును పరిశీలించినట్లు డెస్క్‌టాప్ భాగాన్ని పరిశీలించడం సాధ్యం కాదు. పరిశీలనకు వాడే తెర కూడా ఆ భాగం మీదే ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసం డెస్క్‌టాప్ నిర్మాణాన్ని, ఐడీఈ పనిచేసే తీరును, డెస్క్‌టాప్ భాగాల దోషాన్వేషణలో ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను, వాటి పరిష్కారాలను వివరిస్తుంది. చివర ఒక తెలుగు పదబంధాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతిని అన్వయిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, డెస్క్‌టాప్ పరిసరం, డీబగ్గింగ్, ఐడీఈ, యూనికోడ్, తెలుగు సంయుక్తాక్షరాలు, పాంగో, హార్ఫ్‌బజ్.

1. ఉపోద్ఘాతం

భాషాసాంకేతికత గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలలో ఎక్కువ భాగం కీబోర్డులు, ఫాంట్లు, యూనికోడ్, యంత్రానువాదం వంటి విషయాలకు పరిమితమయ్యాయి. ఈ సాధనాలు పనిచేయనప్పుడు కారణం ఎలా కనుక్కోవాలన్న విషయం మీద చర్చ తక్కువ. తెరపై తెలుగు తప్పుగా కనిపిస్తే సగటు వినియోగదారు ఫాంటును మారుస్తాడు, లేదా కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తాడు. లోపం తాత్కాలికంగా మాయమైనా దాని మూలం మాత్రం చెక్కుచెదరక ఉంటుంది.

ఒక్క అక్షరసముదాయం ఎంత అనర్థానికి దారితీయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఫోన్లలోని ఐఓఎస్ 11.2.5 సంచికలో 'జ్ఞా' అక్షరపు ఒక ప్రత్యేక కూర్పు సందేశంగా వస్తే, దానిని ప్రదర్శించబోయిన అనువర్తనం కుప్పకూలేది. అదే కూర్పు నోటిఫికేషన్‌లో కనిపిస్తే ఫోను ముఖ్యతెరను నడిపే భాగమే కూలిపోయేది. ఆ కూర్పులో జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, ఆపై దీర్ఘం ఉన్నాయి. అదే నెలలో విడుదలైన 11.2.6 సంచిక ఈ లోపాన్ని సరిచేసింది. అది మూలసంకేతం మూసి ఉన్న వ్యవస్థ కావడంతో సరిచేయవలసిన బాధ్యత పూర్తిగా తయారీదారుదే. తెలుగువారికి ఎదురుచూడడం తప్ప మార్గం లేదు.

లినక్స్‌లో పరిస్థితి భిన్నమైనది. అక్కడ తెరను నడిపే భాగాల మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంటుంది. లోపాన్ని ఎవరైనా వెదకవచ్చు, సవరించవచ్చు, ఆ సవరణను మూల ప్రాజెక్టుకు పంపవచ్చు. భారతదేశంలో సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా రూపొందించిన బాస్ లినక్స్ తెలుగుతో సహా భారతీయ భాషలకు మద్దతునిస్తుంది. అటువంటి వ్యవస్థలలో తెలుగు నాణ్యత ఈ భాగాల నాణ్యత మీదే ఆధారపడి ఉంటుంది. హక్కు ఉన్నంత మాత్రాన దానిని వినియోగించుకోవడం చేతకాదు. అందుకు పద్ధతి తెలియాలి.

2. డెస్క్‌టాప్ పరిసరం: అంగవిభాగం

లినక్స్ అనేది నిజానికి కెర్నెల్ పేరు. వినియోగదారు చూసే కిటికీలు, ప్యానెల్, మెనూలు, నోటిఫికేషన్లు కెర్నెల్‌లో భాగాలు కావు. అవన్నీ డెస్క్‌టాప్ పరిసరానికి చెందినవి. వీటిలో రెండు ప్రధానమైనవి. 1996లో మొదలైన కేడీఈ ప్రాజెక్టు నేడు ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌ను అందిస్తోంది. 1997లో మొదలైన గ్నోమ్ మరొకటి. కేడీఈ భాగాలు ఎక్కువగా సీ++ భాషలో, క్యూటీ అనే ఉపకరణసంపుటి ఆధారంగా రాసినవి. గ్నోమ్ భాగాలు ఎక్కువగా సీ భాషలో, జీటీకే, జీలిబ్ అనే గ్రంథాలయాల ఆధారంగా రాసినవి. గ్నోమ్ షెల్‌లో జావాస్క్రిప్ట్ భాగం కూడా గణనీయంగా ఉంది.

డెస్క్‌టాప్ అనేది ఒకే ప్రోగ్రాము కాదు. కిటికీలను తెరపై కూర్చే కంపోజిటర్, సెట్టింగులను అమలుచేసే సేవలు, నోటిఫికేషన్లను చూపే భాగం, మీటల నొక్కులను తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ వంటి ఇన్‌పుట్ వ్యవస్థ, ఇవన్నీ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. గ్నోమ్‌లో కంపోజిటర్ పనిని మట్టర్ అనే గ్రంథాలయం ఆధారంగా గ్నోమ్ షెల్, ప్లాస్మాలో కేవిన్ నిర్వహిస్తాయి. ఈ భాగాలలో చాలావరకు డీ-బస్ అనే సందేశవాహిక ద్వారా మాట్లాడుకుంటాయి.

తెలుగు పాఠం తెరకు చేరే మార్గాన్ని విడిగా గమనించాలి. ఫాంట్‌కాన్ఫిగ్ తగిన ఫాంటును ఎంపిక చేస్తుంది. హార్ఫ్‌బజ్ యూనికోడ్ సంకేతాల వరుసను పరిశీలించి, ఏ హల్లు వత్తుగా మారాలో, ఏ గుణింతపు గుర్తు ఏ రూపం పొందాలో ఫాంటులోని పట్టికల సహాయంతో నిర్ణయిస్తుంది. గ్నోమ్‌లో పాంగో ఈ ఫలితాలను పంక్తులుగా పేర్చి, ఎక్కడ విరవవచ్చో, కర్సర్ ఎక్కడ ఆగవచ్చో తేలుస్తుంది. ఫ్రీటైప్ అక్షరాకృతులను చుక్కల రూపంలోకి మారుస్తుంది. 'పాంగో' అన్న పేరులో 'సర్వ' అనే అర్థమిచ్చే గ్రీకు మాట, 'భాష' అనే అర్థమిచ్చే జపనీస్ మాట కలిసి ఉన్నాయి. హార్ఫ్‌బజ్ అనేది ఓపెన్‌టైప్ అన్న పేరుకు పారసీక రూపం.

కనుక తెరపై ఒక వత్తు తప్పుగా కనిపించినప్పుడు 'ఫాంటు బాగాలేదు' అని వెంటనే తీర్మానించడం తొందరపాటు అవుతుంది. తప్పు ఈ గొలుసులోని ఏ కొక్కెంలోనైనా ఉండవచ్చు.

3. డీబగ్గర్, ఐడీఈ: పరస్పర సంబంధం

నడుస్తున్న ప్రోగ్రామును కోరిన చోట ఆపి, దాని లోపలి స్థితిని చూపే సాధనం డీబగ్గర్. లినక్స్‌లో అత్యధికంగా వాడే జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశారు. ఎల్‌ఎల్‌వీఎమ్ ప్రాజెక్టు నుంచి వచ్చిన ఎల్‌ఎల్‌డీబీ మరొకటి. ఇవి స్వతహాగా ఆజ్ఞలను టైపు చేసి వాడవలసిన సాధనాలు.

ఐడీఈ ఈ డీబగ్గర్‌కు ప్రత్యామ్నాయం కాదు, దానికి ముఖం వంటిది. గ్నోమ్ బిల్డర్, కేడెవలప్, క్యూటీ క్రియేటర్ వంటి ఐడీఈలలో 'ఆపు', 'ముందుకు నడు' వంటి బొత్తాలు నొక్కినప్పుడు లోపల జీడీబీ వంటి డీబగ్గర్‌కే ఆజ్ఞలు వెళతాయి. విజువల్ స్టూడియో కోడ్ వంటి సంపాదకాలు ఇందుకు డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి సంభాషణ నియమాన్ని వాడతాయి. 2023 డిసెంబరులో వచ్చిన జీడీబీ 14 ఈ నియమాన్ని నేరుగా అర్థం చేసుకోగలదు. ఏ ఐడీఈ వాడినా ఈ క్రింది నాలుగు సౌకర్యాలు ఆధారం.

మొదటిది విరామస్థానం, అంటే బ్రేక్‌పాయింట్. మూలసంకేతంలో ఒక పంక్తి పక్కన గుర్తు పెడితే, ప్రోగ్రాము ఆ పంక్తిని అమలుచేయబోయే ముందు ఆగుతుంది. దీనికి షరతు కూడా పెట్టవచ్చు. 'పాఠం పొడవు ఇరవై దాటినప్పుడు మాత్రమే ఆగు' అన్నట్లు.

రెండవది పిలుపుల దొంతర, అంటే కాల్ స్టాక్. ప్రస్తుత ఫంక్షన్‌ను ఎవరు పిలిచారు, వారిని ఎవరు పిలిచారు అన్న వరుసను ఇది మొదటి వరకు చూపుతుంది. వ్రాతప్రతుల పరిష్కరణ తెలిసినవారికి ఈ భావన కొత్తది కాదు. ఒక ప్రతిలో అపపాఠం కనిపిస్తే అది ఆ లేఖకుడి చేతిలోనే పుట్టిందా, మాతృక నుంచి సంక్రమించిందా అని పరిష్కర్త వెనక్కి వెళ్లి విచారిస్తాడు. తప్పు కనిపించిన చోటు, తప్పు పుట్టిన చోటు వేరువేరు కావచ్చునన్న ఎరుక రెండింటికీ సమానం.

మూడవది చలరాశుల పరిశీలన. ఆగిన క్షణంలో ప్రతి చలరాశి విలువ ఎంతో ఐడీఈ ఒక పట్టికలో చూపుతుంది.

నాలుగవది కాపలాస్థానం, అంటే వాచ్‌పాయింట్. ఒక విలువ ఎప్పుడు మారితే అప్పుడు ఆగమని చెప్పవచ్చు. ఎవరు మార్చారో తెలియని విలువల విషయంలో ఇది అమూల్యం. సాధారణ ఎక్స్86 ప్రాసెసర్లలో ఇందుకు 4 రిజిస్టర్లే ఉన్నందువల్ల కాపలాస్థానాలను పొదుపుగా వాడాలి.

4. సన్నాహం

లినక్స్ పంపిణీలతో వచ్చే డెస్క్‌టాప్ భాగాలు వేగం కోసం సంస్కరించినవి. వాటిలో పంక్తుల సంఖ్యలు, చలరాశుల పేర్లు వంటి సమాచారం ఉండదు. వాటిపై డీబగ్గర్‌ను ప్రయోగిస్తే అర్థం లేని చిరునామాలు మాత్రమే కనిపిస్తాయి. ఈ లోటును పూరించే సమాచారాన్ని డీబగ్ చిహ్నాలు అంటారు. వాటిని పొందడానికి రెండు మార్గాలున్నాయి.

ఒకటి, పంపిణీదారులు విడిగా అందించే చిహ్నాలను తెచ్చుకోవడం. డీబగ్‌ఇన్ఫోడ్ అనే సేవ ద్వారా జీడీబీ తనకు కావలసిన చిహ్నాలను తానే అంతర్జాలం నుంచి దించుకోగలదు. ఫెడోరా, డెబియన్, ఉబుంటు పంపిణీలు ఈ సేవను నడుపుతున్నాయి. గ్రంథాలయాల లోపలికి తొంగిచూడడానికి ఈ మార్గం చాలు.

రెండు, పరిశీలించదలచిన భాగాన్ని మూలసంకేతం నుంచి స్వయంగా నిర్మించుకోవడం. గ్నోమ్ భాగాలకు మెసన్, కేడీఈ భాగాలకు సీమేక్ నిర్మాణ సాధనాలు. రెండింటిలోనూ 'డీబగ్' అనే నిర్మాణరకాన్ని ఎంచుకోవాలి. అలా ఎంచుకోకపోతే కంపైలర్ కొన్ని చలరాశులను తొలగించివేస్తుంది. విలువ అడిగినప్పుడు అది సంస్కరణలో తొలగిపోయిందన్న సమాధానమే ఐడీఈలో కనిపిస్తుంది. కొత్తగా నిర్మించిన భాగాన్ని వ్యవస్థలోని పాత భాగం మీద స్థాపించకూడదు. వేరొక సంచయంలో స్థాపించి, అక్కడి నుంచి నడపాలి. లేకపోతే ఒక్క పొరపాటుతో మరుసటిసారి లాగిన్ కావడమే అసాధ్యం కావచ్చు.

డీబగ్గర్‌కు అనుమతి విషయం కూడా ముందే చూసుకోవాలి. ఒక ప్రోగ్రామును ఐడీఈ తానే ప్రారంభిస్తే చిక్కు లేదు. అప్పటికే నడుస్తున్న దానికి తగులుకోవాలంటే, ఉబుంటు వంటి పంపిణీలలో కెర్నెల్ భద్రతా విభాగమైన యామా అడ్డుపడుతుంది. తన సంతతి కాని ప్రక్రియను పరిశీలించడానికి అది సాధారణ వినియోగదారును అనుమతించదు. ఈ నిబంధన భద్రత కోసం ఉన్నది కనుక, సడలించవలసి వస్తే ప్రయోగానికి కేటాయించిన యంత్రంలో మాత్రమే, పని పూర్తయ్యే వరకే సడలించడం వివేకం.

5. డెస్క్‌టాప్ భాగాలకే ప్రత్యేకమైన చిక్కులు

5.1 కూర్చున్న కొమ్మ

పాత ఎక్స్ వ్యవస్థలో తెరను నడిపే సర్వర్, కిటికీలను నిర్వహించే ప్రోగ్రాము వేరువేరు ప్రక్రియలు. కిటికీల నిర్వాహకాన్ని ఆపినా తెర బతికే ఉంటుంది. 2008లో మొదలైన వేల్యాండ్ విధానంలో ఈ రెండు పనులూ కంపోజిటర్ ఒక్కటే చేస్తుంది. కనుక ఐడీఈ నడుస్తున్న తెరకే ఆధారమైన కంపోజిటర్‌లో విరామస్థానం పెడితే, కంపోజిటర్ ఆగిన మరుక్షణం ఐడీఈ కూడా కదలదు. 'కొనసాగించు' అన్న బొత్తాం కళ్లెదుటే ఉంటుంది, నొక్కడానికి మాత్రం వీలుండదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

కీబోర్డు మీటలతో మరొక అక్షరతెరకు మారవచ్చుగదా అనిపిస్తుంది. కాని వేల్యాండ్ సెషన్‌లో ఆ మీటల కలయికను గుర్తించవలసినది కూడా ఆగిపోయిన కంపోజిటరే. అందువల్ల ఆ దారి కూడా మూసుకుంటుంది.

దీనికి పరిష్కారాలు రెండు. మొదటిది, కంపోజిటర్ రెండవ ప్రతిని ఒక కిటికీలోపల నడపడం. మట్టర్, కేవిన్ రెండూ ఈ సౌకర్యాన్ని ఇస్తాయి. లోపలి ప్రతి ఆగినా బయటి తెర పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కువ లోపాలను ఈ పద్ధతిలోనే పరిశీలించవచ్చు. రెండవది, నిజమైన హార్డ్‌వేర్‌పై మాత్రమే కనిపించే లోపాలకు రెండవ కంప్యూటరును వాడడం. ఐడీఈ ఒక యంత్రంలో, పరిశీలించవలసిన డెస్క్‌టాప్ మరొక యంత్రంలో ఉంటాయి. జీడీబీసర్వర్ అనే సహాయక ప్రోగ్రాము రెండింటినీ కలుపుతుంది. రెండవ యంత్రం లేనివారు వర్చువల్ యంత్రంతో ఈ అవసరాన్ని కొంతవరకు తీర్చుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా దూరం నుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ మార్గాన్ని ముందుగానే తెరిచి ఉంచుకోవాలి. తెర స్తంభించిన తరువాత ఆ ఏర్పాటు చేయడం కుదరదు.

5.2 మెనూ పట్టు

ఎక్స్ వ్యవస్థలో ఒక మెనూ తెరుచుకున్నప్పుడు ఆ ప్రోగ్రాము మౌస్‌ను, కీబోర్డును తన అధీనంలోకి తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే విరామస్థానం తగిలితే, ఆగిపోయిన ప్రోగ్రామే మీటలన్నింటినీ పట్టుకొని కూర్చుంటుంది. క్యూటీ రచయితలు దీనిని ఊహించి, డీబగ్గర్ కింద నడుస్తున్నప్పుడు అటువంటి పట్టు తీసుకోకుండా ఉండే ఐచ్ఛికాన్ని కల్పించారు. అటువంటి సౌకర్యం లేనిచోట విరామస్థానానికి బదులు లాగ్‌పాయింట్ వాడాలి. అది ప్రోగ్రామును ఆపదు. ఆ పంక్తి గుండా వెళ్లినప్పుడల్లా కోరిన విలువను నమోదుచేసి ముందుకు పోనిస్తుంది.

5.3 డీ-బస్ గడువు

ఒక భాగం మరొక భాగాన్ని డీ-బస్ ద్వారా ప్రశ్నిస్తే, సమాధానం కోసం సాధారణంగా 25 సెకన్లు ఎదురుచూస్తుంది. పరిశోధకుడు విరామస్థానం దగ్గర ఒక నిమిషం ఆలోచిస్తే, అడిగిన భాగం సమాధానం రాలేదని దోషసందేశం నమోదు చేసుకుంటుంది. తరువాత కనిపించే వింత ప్రవర్తనలో అసలు లోపం ఏది, పరిశీలన వల్ల ఏర్పడిన లోపం ఏది అని వేరుచేయడం కష్టమవుతుంది. ఇక్కడ కూడా లాగ్‌పాయింట్ సురక్షితం.

పేరు విషయంలో మరొక చిక్కుంది. డీ-బస్‌పై ఒక సేవాపేరును ఒక సమయంలో ఒక ప్రక్రియే కలిగి ఉంటుంది. వ్యవస్థలో అసలు సేవ నడుస్తుండగా ఐడీఈ నుంచి రెండవ ప్రతిని ప్రారంభిస్తే, అది పాత ప్రతికి పని అప్పగించి మౌనంగా ముగిసిపోవచ్చు. విరామస్థానం ఎందుకు తగలడం లేదో అర్థం కాక కొత్తవారు గంటలు వృథా చేసుకొనేది ఇక్కడే. డీ-బస్-రన్-సెషన్ అనే ఆజ్ఞ ద్వారా ప్రత్యేక సందేశవాహికను సృష్టించి, ప్రయోగప్రతిని అందులో నడిపితే ఈ సంఘర్షణ తొలగుతుంది.

5.4 తెలుగు ఇన్‌పుట్

ఐబస్‌లోని తెలుగు కీబోర్డు ఇంజన్‌ను పరిశీలించేటప్పుడు ఐడీఈలో కొట్టే మీటలు కూడా అదే ఐబస్ గుండా వెళ్లే అవకాశం ఉంది. ఇంజన్‌ను ఆపితే ఐడీఈలో టైపింగ్ కూడా నిలిచిపోవచ్చు. ఐడీఈని ఐబస్‌తో సంబంధం లేని సామాన్య ఇన్‌పుట్ మాడ్యూల్‌తో ప్రారంభించడం దీనికి విరుగుడు.

5.5 రెండు భాషల సరిహద్దు

గ్నోమ్ షెల్‌లో పైభాగం జావాస్క్రిప్ట్, అడుగుభాగం సీ. జీడీబీ చూపే దొంతరలో సీ ఫంక్షన్లు కనిపిస్తాయి కాని జావాస్క్రిప్ట్ పంక్తులు కనిపించవు. ఆగిన స్థితిలో జీజేఎస్ గ్రంథాలయంలోని ఒక ప్రత్యేక ఫంక్షన్‌ను జీడీబీ నుంచే పిలిస్తే జావాస్క్రిప్ట్ దొంతర ముద్రితమవుతుంది. షెల్‌లోనే ఉన్న లుకింగ్ గ్లాస్ అనే పరిశీలకం కూడా ఉపయోగపడుతుంది.

6. అన్వయం: ఒక తెలుగు శీర్షిక

పై పద్ధతిని ఒక నమూనా సమస్యకు అన్వయించి చూడవచ్చు. సీ భాషలో, జీటీకే ఆధారంగా రాసిన ఒక ప్యానెల్ భాగం, తెరిచి ఉన్న పత్రం శీర్షికను చూపుతుందని, చోటు తక్కువ కనుక దానిని 20 బైట్లకు కుదిస్తుందని అనుకుందాం. ఆంగ్ల శీర్షికలు సక్రమంగా కనిపిస్తున్నాయి. 'స్త్రీవాద సాహిత్యం' అన్న శీర్షిక మాత్రం 'స్త్రీ' తరువాత చిన్న డబ్బాలతో ఆగిపోతోంది.

మొదటి మెట్టు విభజన. అదే పదబంధం అదే ఫాంటుతో సాధారణ సంపాదకంలో సరిగా కనిపిస్తోందా? హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-వ్యూ అనే చిన్న సాధనానికి అదే ఫాంటు ఇచ్చి చూస్తే సరైన రూపం వస్తోందా? రెండింటికీ అవునన్న సమాధానం వస్తే ఫాంటు, హార్ఫ్‌బజ్ నిర్దోషులు. విచారణ ప్యానెల్‌కు పరిమితమవుతుంది.

రెండవ మెట్టు హెచ్చరికను పట్టుకోవడం. తప్పుడు యూటీఎఫ్-8 పాఠం అందినప్పుడు పాంగో హెచ్చరికను నమోదుచేసి, చెడిన బైట్ల స్థానంలో డబ్బాను చూపుతుంది. ఐడీఈలోని అమలు అమరికలో జీలిబ్‌కు చెందిన జీ-డీబగ్ పరిసర చలరాశికి హెచ్చరికలను ప్రాణాంతకంగా పరిగణించే విలువనిస్తే, మొదటి హెచ్చరిక దగ్గరే ప్రోగ్రాము ఆగుతుంది.

మూడవ మెట్టులో ఒక పాఠం ఉంది. అప్పుడు కనిపించే పిలుపుల దొంతరలో శీర్షికను కుదించిన ఫంక్షన్ ఉండదు. జీటీకే లేబుల్ పాఠాన్ని స్వీకరించిన వెంటనే పాంగోకు ఇవ్వదు. తరువాత కొలతలు తీసుకొనేటప్పుడో చిత్రించేటప్పుడో ఇస్తుంది. ఆ సమయానికి తప్పు చేసిన ఫంక్షన్ తన పని ముగించుకొని వెళ్లిపోయింది. దొంతర చూపుతున్నది తప్పు బయటపడిన చోటే. కనుక లేబుల్‌కు పాఠాన్ని అందించే ఫంక్షన్ దగ్గర కొత్త విరామస్థానం పెట్టి ప్రోగ్రామును మళ్లీ నడపాలి. ఇప్పుడు ఆగినప్పుడు దొంతరలో ప్యానెల్ ఫంక్షన్ స్పష్టంగా కనిపిస్తుంది.

నాలుగవ మెట్టు విలువలను చదవడం. 'స్త్రీవాద సాహిత్యం' అన్నది చదువరి దృష్టిలో 6 అక్షరాలు: స్త్రీ, వా, ద, సా, హి, త్యం. యూనికోడ్ లెక్కలో ఖాళీతో కలిపి 18 సంకేతాలు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు దశాంశమానంలో 3072 నుంచి 3199 వరకు ఉన్నాయి. యూటీఎఫ్-8లో ఇవి ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయి. ఖాళీకి ఒక బైటు. మొత్తం 52 బైట్లు. 'స్త్రీ' ఒక్కదానికే 6 సంకేతాలు, 18 బైట్లు. 20 బైట్ల దగ్గర కోస్తే తరువాతి వకారంలో 2 బైట్లు మిగిలి మూడవది తెగిపోతుంది. వకారం బైట్లు అష్టమానంలో 340, 260, 265. స్థానిక భాషా అమరిక లేని పరిస్థితిలో జీడీబీ పాఠాన్ని ఈ అష్టమాన సంఖ్యలలోనే చూపుతుంది. చివర 340, 260 ఉండి 265 లేకపోవడం చూస్తే గాయం ఎక్కడో తెలిసిపోతుంది. ఆంగ్లంలో ఒక అక్షరానికి ఒకే బైటు కనుక ఆ భాషలో పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు.

ఐదవ మెట్టు సవరణ. బైట్లకు బదులు యూనికోడ్ సంకేతాలను లెక్కించి కోస్తే డబ్బాలు మాయమవుతాయి, హెచ్చరిక ఆగుతుంది. ప్రోగ్రామర్ లోపం తీరిందనుకుంటాడు. కాని 16 సంకేతాల దగ్గర కోస్తే మిగిలేది 'స్త్రీవాద సాహిత్'. యంత్రం దృష్టిలో ఇది చెల్లుబాటయ్యే పాఠమే. ఏ హెచ్చరికా రాదు. తెలుగు చదువరి దృష్టిలో సంయుక్తాక్షరం మధ్యలో తెగి, పదం పొల్లుతో వేలాడుతోంది. 11 సంకేతాల దగ్గర కోస్తే 'సా' కాస్తా 'స' అవుతుంది. కోత ఎప్పుడూ అక్షరపు హద్దు దగ్గరే జరగాలి.

ఈ హద్దును నిర్వచించడం యూనికోడ్‌కు కూడా సులువు కాలేదు. పూర్వపు నియమాల ప్రకారం 'క్ష' వంటి సంయుక్తం పొల్లు దగ్గర రెండు ఘటకాలుగా విడిపోయేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో సంయుక్తాలను విడదీయకుండా ఉంచే నియమాన్ని చేర్చింది. పరిశీలిస్తున్న గ్రంథాలయం ఏ సంచిక నియమాన్ని అనుసరిస్తోందో చూడకుండా కర్సర్ ప్రవర్తనను లోపమని నిర్ధారించరాదు. అలాగే జీటీకేలో తెలుగు పదం చివర బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరమంతా కాక చివరి సంకేతం మాత్రమే పోతుంది. 'స్త్రీ' ముందు 'స్త్ర' అవుతుంది. ఇది పాంగో బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు. గుణింతం తప్పు కొట్టినవారు వత్తులన్నీ మళ్లీ కొట్టనక్కరలేదు.

నమూనా ప్యానెల్‌కు సరైన పరిష్కారం లెక్కింపును పూర్తిగా మానివేసి, అందుబాటులో ఉన్న వెడల్పును బట్టి పాఠాన్ని కుదించే పనిని పాంగోకే అప్పగించడం. చుక్కలతో కుదించే సౌకర్యం జీటీకే లేబుల్‌లో ముందునుంచే ఉంది. పది పంక్తుల కోడ్ పోయి ఒక్క పంక్తి మిగులుతుంది.

7. కూలిన తరువాత

కొన్ని లోపాలు ఐడీఈ తెరిచి ఉన్నప్పుడు రావు. డెస్క్‌టాప్ భాగం ఎప్పుడో అకస్మాత్తుగా కూలిపోతుంది. సిస్టమ్‌డీ వాడే పంపిణీలలో, కూలిన క్షణంలోని జ్ఞాపకస్థితిని కోర్‌డంప్‌గా భద్రపరిచే ఏర్పాటు ఉంది. కోర్‌డంప్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో ఆ జాబితాను చూడవచ్చు, కావలసినదానిని జీడీబీలో తెరవవచ్చు. ప్రోగ్రామును ముందుకు నడిపించలేకపోయినా, పిలుపుల దొంతరను, చలరాశులను తీరికగా పరిశీలించవచ్చు.

ఈ సమాచారాన్ని మూల ప్రాజెక్టుకు పంపేటప్పుడు నివేదికలో ఉండవలసినవి: భాగం పేరు, దాని సంచిక, వాడిన ఫాంటు, తప్పుగా కనిపించిన పదం, దాని యూనికోడ్ సంకేతాల వరుస, ఆశించిన రూపం, కనిపించిన రూపం, చిహ్నాలతో కూడిన పిలుపుల దొంతర. పదం చిత్రాన్ని మాత్రమే పంపితే తెలుగు తెలియని నిర్వాహకుడు అందులో ఏది తప్పో గుర్తించలేడు. కోర్‌డంప్‌లో వినియోగదారు తెరిచిన పత్రాల పాఠం, సంకేతపదాలు కూడా ఉండవచ్చు. కనుక మొత్తం ఫైలును బహిరంగంగా ఉంచకూడదు. దొంతరను మాత్రమే, అదీ ఒకసారి చదివి చూసుకొని పంపాలి.

8. ముగింపు

పై వివరణ నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• డెస్క్‌టాప్ భాగాల దోషాన్వేషణలో ఐడీఈ బొత్తాల కంటే పరిసరపు ఏర్పాటు ముఖ్యం. ప్రత్యేక సెషన్, ప్రత్యేక సందేశవాహిక, ముందుగా తెరిచిన ఎస్‌ఎస్‌హెచ్ మార్గం లేకుండా పరిశీలన మొదలుపెట్టరాదు.

• ప్రోగ్రామును ఆపడం దాని ప్రవర్తనను మారుస్తుంది. గడువులు, మెనూలు, ఇన్‌పుట్ ప్రమేయం ఉన్నచోట విరామస్థానం కంటే లాగ్‌పాయింట్ మేలు.

• పిలుపుల దొంతర లోపం బయటపడిన చోటును చూపుతుంది; పుట్టిన చోటును చూపవలసిన పని పరిశోధకుడిది.

• తెలుగు పాఠానికి బైటు, సంకేతం, అక్షరం అని మూడు అంచెలున్నాయి. మొదటి అంచెలోని తప్పును యంత్రం పట్టుకోగలదు. సంకేతాలు చెల్లుబాటై అక్షరం చెడినప్పుడు యంత్రం హెచ్చరించదు. దానిని గుర్తించగలిగేది తెలుగు చదవగలిగినవారే.

చివరి అంశం తెలుగు శాఖలకు సంబంధించినది. తెలుగు వ్యాకరణంలో అక్షరం, సంయుక్తం, పొల్లు గురించి శిక్షణ పొందిన విద్యార్థికి సీ భాష రాకపోవచ్చు. కాని ఒక లోపాన్ని ఫాంటు, ఆకృతి నిర్ణయం, ప్రదర్శన అన్న అంచెలలో ఎక్కడ ఉందో వేరుచేసి, సంకేతాల వరుసతో సహా నివేదించడం ఒక సెమిస్టరులో నేర్చుకోదగిన విద్య. అటువంటి నివేదిక అందిన ప్రోగ్రామరుకు సవరణ కొన్ని గంటల పని కావచ్చు. అది అందకపోతే, పొల్లుతో తెగిన శీర్షికను లోపంగా గుర్తించేవారు ఆ ప్రాజెక్టులో ఎవరూ ఉండరు.